ఉన్న వేళలో ఏ సేవ?

ఆదివారం ఆరాధన ముగియవచ్చినది. కాపరి ఆశీర్వాదం పలుకక మునుపే సంఘ పెద్ద ఒకరు లేచి నిలుచుంటారు. "ఆదివార పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు కావలెను. మంచం పట్టిన వృద్ధులను చూచి వచ్చుటకు మనుష్యులు కావలెను. కానుకల లెక్క వ్రాయుటకు ఒకరు కావలెను. ఎవరు ముందుకు వస్తారు?" అని అడుగుతారు. క్షణకాలం నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఒకరు తల వంచుకొంటారు. మరొకరు చేయి ఎత్తబోయి దించుకొంటారు. చివరకు ఎప్పుడూ చేయి ఎత్తే ఆ నలుగురే మళ్ళీ ఎత్తుతారు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా, వాటి చుట్టుపట్ల ఏ పల్లె గుడిలోనైనా ఈ దృశ్యం కొత్తది కాదు.

తల వంచుకొన్నవారందరూ భక్తి లేనివారని మేము అనుకోము. వారిలో పెక్కుమంది మనస్సులో మెదలే మాట ఇది: "చేయవలెనని ఉన్నది, కాని వేళ ఎక్కడ ఉన్నది? వారానికి రెండు గంటలు మిగిలితే గొప్ప. ఆ రెండు గంటలతో ఏ పనికి పూనుకొనేది? పూనుకొని నెరవేర్చలేకపోతే నలుగురిలో తలవంపులు కదా!" ఈ సందేహం న్యాయమైనది. దీనికి సమాధానం వెదకుటే నేటి మా ప్రసంగం.

ముందుగా ఈ ప్రాంతపు వేళ ఎటువంటిదో చూద్దాము. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగరు జిల్లా నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడినవి. కాని పాలమూరు జీవితం మాత్రం జిల్లాల హద్దులను బట్టి మారలేదు. ఇక్కడి వేళ గడియారాన్ని బట్టి కాక పొలాన్ని బట్టి నడుస్తుంది. గద్వాల పల్లెలలో విత్తనపు పత్తి, అంటే జనులు సీడ్ పత్తి అని పిలిచే పంట, విస్తారంగా పండుతుంది. దానికి పూత వచ్చిన దినాలలో చేతితో పరాగం అద్దే పని ఉంటుంది. దీనినే క్రాసింగ్ అంటారు. ఒక పూట మొగ్గలు విప్పి సిద్ధం చేయాలి; మరునాటి ఉదయం పుప్పొడి అద్దాలి. పువ్వు ఆదివారమని ఆగదు. వానకాలపు ఆ కొన్ని వారాలు గుడిలో తల్లుల వరుసలు పలుచబడితే అది అవిశ్వాసం కాదు, అది పత్తి పూత.

అదే గద్వాల పట్టణంలో మగ్గం ముందు కూర్చున్నవారి సంగతి వేరు. నడిమి భాగం నూలు, అంచు, కొంగు పట్టుగా నేసే ఆ చీరకు కూలి చీర లెక్కన వస్తుంది. మగ్గం దిగిన ప్రతి గంటకూ వెల ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వేరుశనగ పీకే దినాలలో, పత్తి తీసే దినాలలో ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. పంటలు ముగిసిన పిమ్మట ఎన్నో కుటుంబాలలో వయస్సులో ఉన్నవారు కట్టడపు పనులకై హైదరాబాదుకో, పూనాకో, బొంబాయికో వెళ్ళుట తరతరాలుగా ఉన్నదే. ముసలివారు, బడి పిల్లలు ఊరిలో మిగులుతారు. ఇక పట్టణంలో ఆస్పత్రి నర్సుకు రాత్రి పాళీ, బస్సు కండక్టరుకు ఆదివారం డ్యూటీ, ఉపాధ్యాయునికి ఎన్నికల పని, పరీక్షల పని ఉండనే ఉంటవి. కనుక వేళ చాలకపోవుట ఇక్కడ ఒక మనిషి సోమరితనం కాదు. అది ఈ నేల జీవితలక్షణం.

అయితే వేళ చాలకపోవుట, మనుష్యులు చాలకపోవుట ఈ సంఘాల పుట్టుకతోనే ఉన్నవి. ఈ మూడు పట్టణాలలోనూ పాతుకొన్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘపు చరిత్రను, అంటే జనులు ఎం. బి. చర్చి అని పిలిచే సంఘపు చరిత్రను, ఒకమారు తిరగవేద్దాము. ఆ సమాజం 1860లో దక్షిణ రష్యాలో ఏర్పడినది. అమెరికాలో స్థిరపడిన ఆ సమాజం వారు 1899లో నికొలాయ్ హీబర్టు దంపతులను నాటి నిజాం రాజ్యానికి పంపినారు. రెండేండ్లకే హీబర్టుగారి ఆరోగ్యం చెడినది. 1901లో ఆ దంపతులు తిరిగి వెళ్ళవలసి వచ్చినది. జీవితమంతా ఇక్కడ గడపవలెనని వచ్చినవారికి దొరికినది రెండేండ్లు. కాని 1902లో పాంక్రాట్జ్ దంపతులు వచ్చి ఆ పనిని కొనసాగించినారు. తరువాతి వారిలో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రంగా దీర్ఘకాలం పనిచేసినారు. దీర్ఘకాలం ఉన్నవారి పని గొప్పది, రెండేండ్లు ఉన్నవారి పని వ్యర్థం అని ఎవరు అనగలరు? మొదటి మెట్టు లేక రెండవ మెట్టు ఎక్కడ నిలుస్తుంది?

1907లో కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే వైద్యురాలు వచ్చినారు. ఆ మిషనుకు మొదటి డాక్టరు ఆమెయే. 1945లో షంషాబాదులో కన్నుమూసేవరకు ఆమె చేతిలో ఉన్న పని వైద్యం. ఆ కాలంలో బడులు కావలసి ఉండెను, బోధకులు కావలసి ఉండెను, గుళ్ళు కట్టవలసి ఉండెను. ఒక మనిషి అన్నిటికీ చేయి చాపితే ఏదీ నిలువదు. తనకు తెలిసినదీ, ఇతరులు చేయలేనిదీ అయిన పనిని ఆమె పట్టుకొన్నారు. తక్కినవి తక్కినవారికి విడిచినారు.

గద్వాల సంగతి మరింత ఆలోచించదగినది. గద్వాల, మహబూబ్‌నగరు కేంద్రాలు మొదట అమెరికన్ బాప్టిస్టు మిషనువి. 1937లో అవి మెన్నోనైట్ బ్రదరన్ మిషను చేతికి వచ్చినవి. మిషనులు ప్రాంతాలను పంచుకొని, ఒకరు దున్నుతున్న చేనిలో మరొకరు దున్నరాదని ఏర్పాటు చేసుకొన్న కాలమది. ఒక పనిని మరొకరికి అప్పగించుట ఓటమి కాదనీ, అది కూడా పనిని నిలబెట్టే మార్గమేననీ మన గద్వాల చరిత్రే చెబుతున్నది. మనలో ఎందరమో ఒక బాధ్యతను చేయలేకా, విడువలేకా ఏండ్ల తరబడి పట్టుకొని వ్రేలాడుతాము. అటువంటివారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. దొరల పేర్లు పుస్తకాలకు ఎక్కినవి. కాని పల్లెపల్లెకు నడిచి వెళ్ళినవారు, చెట్టు క్రింద అక్షరాలు నేర్పినవారు, ఇండ్లలోకి వెళ్ళి స్త్రీలతో మాట్లాడినవారు తెలుగువారే. ఊరి ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, సంఘ పెద్దలు ఆ పని చేసినారు. వారిలో జీతం లేనివారు పగలు కూలికి పోయి, రాత్రి దీపం వెలుగులో ప్రార్థన నడిపినవారే. తీరిక దొరికిన తరువాత సేవ చేద్దామని వారు అనుకొని ఉంటే ఈ సంఘాలు నిలిచేవి కావు. అదే సమయంలో, ప్రతివాడూ ప్రతి పనీ చేయవలెనని వారు అనుకోలేదు.

వేదగ్రంథం కూడా ఇదే బుద్ధి చెబుతున్నది. నిర్గమకాండం పదునెనిమిదవ అధ్యాయంలో మోషే ఉదయం మొదలు సాయంకాలం వరకు ఒంటరిగా కూర్చుండి జనుల తగవులు తీరుస్తూ ఉంటాడు. మామ యిత్రో చూచి, ఇట్లయితే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని మందలిస్తాడు. వేయి మందికి, నూరు మందికి, ఏబది మందికి, పది మందికి పెద్దలను ఏర్పరచుమని ఉపాయం చెబుతాడు. పది మందిని చూచుకొనే పెద్ద కూడా పెద్దయే. అతని పనికి పట్టే వేళ కొద్ది. అపొస్తలుల కార్యాలు ఆరవ అధ్యాయంలో విధవరాండ్రకు దినదినం జరిగే పంపకంలో లోపం వచ్చి సణుగుడు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ పనిని కూడా తమ మీదనే వేసుకొనలేదు. అది చిన్నపని అని త్రోసివేయనూ లేదు. మంచి పేరు గల ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఒక మంచి పనిని "ఇది మేము చేయము, మరొకరు చేయవలెను" అని పలుకుట ఇక్కడ పాపం కాలేదు, సంఘానికి మేలైనది.

మాకు అన్నిటికంటె సన్నిహితంగా తోచేది నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం. యెరూషలేము ప్రాకారం కూలి ఉన్నది. దానిని కట్టినవారు తాపీపనివారు మాత్రమే కారు. కంసాలులు, పరిమళద్రవ్యాలు చేసేవారు, వర్తకులు పూనుకొన్నారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి కట్టినాడు. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా ఉన్న భాగాన్నే బాగుచేసినారు. ఏ ఒక్కరూ గోడ అంతటినీ కట్టలేదు. ఏబది రెండు దినాలలో పని ముగిసినది. ఎవరి వృత్తికి వారు మరలి ఉంటారు. కొద్ది వేళ ఉన్నవానికి ఇందులో మూడు ఉపదేశాలు ఉన్నవి: నీ యింటికి దగ్గర ఉన్న తావును చూడుము, ఒక భాగాన్ని మాత్రమే తీసుకొనుము, దానికి ఒక హద్దు, ఒక ముగింపు ఉండనిమ్ము.

ఇక ఆచరణకు వద్దాము. మొదట లెక్క చూచుకోవాలి. వారానికి 168 గంటలు. పనికి పోయే ఒక గృహిణి లెక్క వేద్దాము. దినానికి ఏడు గంటల నిద్ర 49. ఆరు దినాలు ఎనిమిదేసి గంటల పని 48. రాకపోకలకు దినానికి రెండు గంటలు, మొత్తం 12. వంట, నీళ్ళు, బట్టలు, అంట్లు దినానికి ఐదు గంటల చొప్పున 35. ఇంతవరకు 144 అయినవి. మిగిలినవి 24. స్నానానికి, భోజనానికి దినానికి రెండు గంటలు తీసివేస్తే మిగిలేవి పది. ఆదివారం ఆరాధనకు మూడు గంటలు. పిల్లల చదువు, అత్తమామల మందులు, బంధువుల పెండ్లి, చావు, పురుడు, వీటికి నాలుగో ఐదో గంటలు. చివరకు చేతిలో మిగిలేవి రెండు, మహా అయితే మూడు. ఈ లెక్క కాగితం మీద వేసుకొనుటకు సిగ్గుపడరాదు. సంఘానికి ఇరవై గంటలు ఇస్తానని లేని సొమ్ము వ్రాసి ఇచ్చుట కంటె, రెండు గంటలు నిజంగా ఇచ్చుట మేలు. విధవరాలి రెండు కాసుల వృత్తాంతం తెలిసిన సంఘంలో రెండు గంటలు చిన్నవి కాకూడదు.

లెక్క తేలిన పిమ్మట నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఈ పని నేను చేయకపోతే ఆగిపోతుందా, మరొకరు చేస్తారా? మైకు ముందు పాట పాడుటకు, క్రిస్మసు వేదిక అలంకరించుటకు, సభకు అధ్యక్షత వహించుటకు మనుష్యులు దొరుకుతారు. అవి పనికిరానివని మా భావం కాదు. కాని కొడుకూ కోడలూ పూనాకు పోగా మంచం మీద మిగిలిన ముసలమ్మ దగ్గర అరగంట కూర్చుండుటకు మనుష్యులు దొరకుట కష్టం. ఆ పనికి చప్పట్లు లేవు, ఫోటోలు లేవు. వలస పోయిన యింటి పిల్లవానిని ఆదివారం ఉదయం పిలిచి వెంట గుడికి తీసుకొనిపోయేవారు కూడా అరుదు. ఈ మూడు జిల్లాలలో ఊరిలో మిగిలేది ముసలివారు, పిల్లలు అయినప్పుడు, సేవకు ఎక్కువ అవసరం ఉన్న తావు ఏదో వేరే చెప్పవలెనా? వేళ కొద్దిగా ఉన్నవారు ముందుగా ఈ తావు వైపే చూడవలెనని మా మనవి. ఇది సామాన్యంగా తన వీధిలోనే ఉంటుంది. బస్సెక్కి పోనక్కర లేదు.

రెండవ ప్రశ్న: నా వేళ, ఆ పనికి కావలసిన వేళ కలుస్తవా? మొత్తం గంటలు ఎన్ని అని మాత్రమే చూచుట మనము తరచుగా చేసే పొరపాటు. అవి ఎప్పుడు అనేది కూడా చూడాలి. రాత్రి పాళీ చేసి ఆదివారం తెల్లవారి ఇల్లు చేరే నర్సు పిల్లలకు పాఠం చెప్పుటకు పూనుకొంటే నిద్రమత్తులో చెప్పవలసి వస్తుంది. ఆమెయే గురువారం సాయంకాలం ఇద్దరు రోగుల యిండ్లకు వెళ్ళి, వారి మందుల చీటీ చూచి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెబితే ఆ యింటివారికి అది ఎంత ఆదరణ! పత్తి రైతు పూత దినాలలో ఏమీ చేయలేడు. కాని వేసవిలో అతనికి తీరిక ఉంటుంది. గుడి పైకప్పు బాగుచేయుట, బడి సెలవులలో నడిచే బైబిలు పాఠశాలకు పందిరి వేయుట అతని పాలు. కొన్ని పనులు వారం వారం జరుగవలసినవి, కొన్ని నెలకొకమారు, కొన్ని ఋతువును బట్టి, కొన్ని ఏడాదికొకమారు. ఏ జాతి వేళకు ఆ జాతి పని.

మూడవ ప్రశ్న: నేను ఇచ్చే ఈ వేళకు వెల ఎవరు చెల్లిస్తున్నారు? పురుషుడు సంఘసేవకై మూడు సాయంకాలాలు బయట గడిపితే, ఆ మూడు సాయంకాలాల భారం భార్య మీద పడుతుంది. స్త్రీల సమాజంలో సేవ చేసే సోదరి ఇంటికి వచ్చి రాత్రి పదింటికి అంట్లు తోముతుంది. ప్రేమవిందు నాడు వంట స్త్రీలది, వడ్డన స్త్రీలది, గిన్నెలు కడుగుట స్త్రీలది. తరువాత జరిగే సభలో వారికి కృతజ్ఞతలు చెప్పుట మాత్రం పురుషులది! కొద్ది వేళ ఉన్న పురుషులు ఏ సేవ చేయాలో తోచకపోతే ఆ గిన్నెల దగ్గరకు వెళ్ళవచ్చునని మేము సవినయంగా సూచిస్తున్నాము. తన యింటివారిని చూచుకొననివాడు అవిశ్వాసి కంటె చెడ్డవాడని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక గట్టిగానే హెచ్చరించినది. ఇంటిలో జబ్బు మనిషి ఉన్నప్పుడు, చంటిబిడ్డ ఉన్నప్పుడు, ఆ యేడు ఆ యిల్లే మన సేవాస్థలం. సంఘం దానిని గుర్తించాలి.

నాలుగవ ప్రశ్న: ఒక యేడు మాట తప్పకుండా నిలుపగలనా? ఇది అన్నిటికంటె ముఖ్యమని మా నమ్మకం. "వచ్చే వారం తప్పకుండా వస్తాము" అని ఒక మాట చెప్పి వస్తాము. మనము మరచిపోతాము. ఆ మంచం మీది ముసలమ్మ మరచిపోదు. ఉతికిన చీర కట్టుకొని, వాకిలి వైపు చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. ఆదివార పాఠశాల ఉపాధ్యాయుడు వరుసగా మూడు వారాలు రాకపోతే నాలుగవ వారం పిల్లలే రారు. తప్పిపోయిన సేవ కేవలం శూన్యం కాదు. అది ఒకరి నమ్మకాన్ని తీసివేస్తుంది. కనుక నాలుగు పనులు ఒప్పుకొని మూడింటిని సగం సగం చేయుట కంటె, ఒక పని ఒప్పుకొని నిండుగా చేయుట సంఘానికి క్షేమకరం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "ఎవరికి ఏ వరం ఉన్నదో ఆ పనే చేయాలి కదా? అవసరాన్ని బట్టి మాత్రమే ఎన్నుకొంటే ఎట్లా?" అని. నిజమే. కూడికలు రానివాని చేతికి కానుకల పుస్తకం ఇచ్చుట అతనికీ, సంఘానికీ కీడే. లెక్కలో నూరు రూపాయలు తేడా వస్తే మంచివాని మీద కూడా అనుమానం పుడుతుంది. సంఘంలో తగవులకు అదే విత్తనమౌతుంది. అందుకే లెక్క వ్రాసేవారు ఇద్దరుండుట శ్రేయస్కరం. కాని వరమంటే పాట, ప్రసంగం మాత్రమే అనే భ్రమ మనలో బలంగా ఉన్నది. ఓపికగా వినుట ఒక వరం. పింఛను దరఖాస్తు, రేషన్ కార్డు దరఖాస్తు నింపి పెట్టుట ఒక వరం. బొంబాయిలో ఉన్న కూలికి ఫోను చేసి, "మీ అమ్మ బాగున్నది, నిన్ననే చూచి వచ్చినాము" అని చెప్పుట ఒక వరం. ఈ చివరి పనికి పట్టేది పది నిమిషాలు. మన వరం ఏమిటో మనకంటె మన పొరుగువారికే బాగా తెలుస్తుంది. వారిని అడుగుట మంచిది.

ఒప్పుకొనుటకు, కాదనుటకు కూడా ఒక పద్ధతి ఉన్నది. మనలో సామాన్యంగా "చూద్దాం లెండి" అంటాము. అది అవును కాదు, కాదు కాదు. అడిగినవారు అవునని అనుకొంటారు; చెప్పినవారు కాదని అనుకొంటారు. దానికి బదులు మాట ఇట్లా ఉండవచ్చును. కాపరి అడుగుతారు: "అమ్మా, ఈ యేడు పిల్లల పాఠశాల నువ్వే చూసుకోవాలె." ఆమె చెబుతుంది: "అయ్యగారూ, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం తప్పకుండా వస్త. మిగిలిన వారాలకు ఇంకొకరిని చూడండి. పత్తి పూత నెలలు మాత్రం నాతోటి కాదు, ముందే చెప్తున్న." ఇందులో అగౌరవం ఏమీ లేదు. ఏ వారం ఉంటుందో, ఏ వారం ఉండదో, ఎప్పుడు ఆపుతుందో తెలిసినది. కాపరి మిగిలిన వారాలకు మరొకరిని వెదకుకోగలరు. హద్దు చెప్పిన అవును, హద్దు లేని అవును కంటె గట్టిది.

ఏడు తిరిగిన పిమ్మట కూర్చుండి చూచుకోవాలి. పని సాగినదా? ఇంటిలో భారం పెరిగినదా? కొనసాగించేనా, అప్పగించేనా? అప్పగించునప్పుడు తాళపుచెవులు, పుస్తకాలు, పిల్లల పేర్లు, ఏ యింటిలో ఏ కష్టం ఉన్నదో, అన్నీ క్రొత్తవారికి చెప్పి, రెండు మూడు వారాలు వెంట ఉండి తప్పుకోవాలి. చెప్పకుండా మానివేయుట ఒక గాయం. అప్పగించి తప్పుకొనుట ఒక సేవ.

ఇంతవరకు వ్యక్తికి చెప్పినాము. సంఘానికి కూడా చెప్పవలసినది ఉన్నది. వేళ లేనివారికి తావు దొరకకపోవుటకు సగం కారణం పనులను మనము పెద్ద పెద్ద మూటలుగా కట్టి ఉంచుటయే. "ఆదివార పాఠశాల బాధ్యత" అనే మూటను ఎత్తుటకు ఎవరికైనా జంకే. దానిని విప్పితే పాఠం చెప్పేవారు ఇద్దరు, పిల్లలను పిలుచుకొని వచ్చేవారు ఒకరు, హాజరు వ్రాసేవారు ఒకరు, పాట నేర్పేవారు ఒకరు అవుతారు. పాఠం ఎవరికీ వారం వారం పడదు. తక్కిన పనులలో ఏదీ ఒక గంటకు మించదు. ప్రతి పనికీ జంటగా ఇద్దరిని ఉంచితే, ఒకరికి జ్వరం వచ్చినా, వలస పోయినా పని ఆగదు. మన సంఘాలలో వలస పోయేవారు పోవుటా, వచ్చుటా జరుగుతూనే ఉంటుంది గనుక ఈ జంట ఏర్పాటు ఇక్కడ మరింత అవసరం. ఊరికి తిరిగి వచ్చినవానికి కూడా వెంటనే ఒక చిన్న పని ఇస్తే తాను పరాయివాడను కానని అతనికి తెలుస్తుంది.

మరొకటి. వేదిక మీద నుండి పేర్లు పిలిచి సిగ్గుపరచి సేవకు ఒప్పించుట మంచి పద్ధతి కాదు. అట్లా ఒప్పుకొన్నవారు నెల తిరిగేసరికి జారిపోతారు. ఆ సిగ్గుతో గుడికే దూరమైన వారు కూడా ఉన్నారు. సేవ చేయలేదని మనిషిని పోగొట్టుకొనుట సంఘానికి ఎంత నష్టం! అడుగవలసిన ప్రశ్న "నీవు ఎందుకు చేయవు?" అనేది కాదు. "నీకు ఏ పూట వీలు? ఆ పూటకు సరిపడే పని వెదకుదాము" అనేది.

చివరగా, ఏమీ చేయలేని కాలం కూడా మనిషికి వస్తుందని మరువరాదు. బెతనియ గ్రామంలో మార్త పనులతో తొందరపడుతూ ఉండగా, పాదాల వద్ద కూర్చుండి విన్న మరియను ప్రభువు గద్దించలేదు. పనిచేయుటకు వచ్చినవారికి కాదు, వచ్చినవారందరికీ గుడిలో చాప ఉన్నది.

వచ్చే ఆదివారం సంఘ పెద్ద లేచి మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు. అప్పుడు తల వంచుకొనుటకు మునుపు, మీ వీధిలో తలుపు దగ్గరగా వేసి ఉన్న ఒక యింటిని తలచుకొనండి. అక్కడ ఎవరున్నారో, వారిని చూచి ఎన్నాళ్ళయినదో ఆలోచించండి. ఆరాధన ముగిసిన పిమ్మట పెద్ద దగ్గరకు వెళ్ళి, "అయ్యా, నాకు వారానికి ఒక గంట ఉన్నది. బుధవారం సాయంకాలం ఆ యింటికి నేను పోతాను. ఈ యేడంతా పోతాను" అని చెప్పండి. ఆ పెద్ద తన పుస్తకంలో మీ పేరు వ్రాసుకొంటారు. బుధవారం నాడు ఆ యింటివారు వాకిలి వైపు చూస్తూ ఉంటారు.